న్యూట్రాన్‌ని ఎవరెంత మింగుతారు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల కల్పాక్కం ఫాస్ట్ బ్రీడర్ (వాడే ఇంధనం కంటే ఎక్కువ ఇంధనం తయారుచేసుకునే అణు రియాక్టర్) మీద ఇచ్చిన జవాబు చూసి చెన్నై నుంచే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ తిరిగి తిరిగి న్యూట్రాన్ల దగ్గరికే చేరుతున్నాయి కాబట్టి ఈ నెల పేజీలన్నీ వాటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి పరిశోధనలో చేరాడండీ. ఏం చేస్తున్నావురా అంటే "న్యూట్రాన్ క్యాప్చర్ క్రాస్ సెక్షన్ కొలుస్తున్నానమ్మా" అంటాడు. ఇంకా అడిగితే "నీకు అర్థం కాదులే" అని ఫోన్ పెట్టేస్తాడు. చుట్టాలు అడుగుతున్నారు, పెళ్లిసంబంధాల వాళ్లు అడుగుతున్నారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను. నాకు తెలిసేలా చెప్తారా? (ఒక తల్లి, పెరంబూరు)

జవాబు: తప్పకుండా అర్థమవుతుందమ్మా. ఏ వస్తువైనా అణువులతో, పరమాణువులతో తయారైందని, ప్రతి పరమాణువు నడిమధ్యన కేంద్రకం అని చాలా చిన్న ముద్ద ఉంటుందని మీరు ఎనిమిదిలో చదివే ఉంటారు. న్యూట్రాన్ అనేది ఆ ముద్దలో ఉండే ఒక కణం. దానికి విద్యుదావేశం లేదు. అందుకే బయటినుంచి వచ్చే న్యూట్రాన్‌ని కేంద్రకం నెట్టేయలేదు, అది నేరుగా లోపలికి వెళ్లిపోగలదు. వెళ్లి అక్కడే ఉండిపోతే కేంద్రకం ఒక మెట్టు బరువెక్కుతుంది, మిగిలిపోయిన శక్తిని గామా కిరణాలుగా వదిలేస్తుంది. దీన్నే క్యాప్చర్ అంటారు, పట్టుకోవడం అన్నమాట.

అయితే వచ్చిన ప్రతి న్యూట్రానూ చిక్కదు. కొన్ని తగిలి పక్కకు పోతాయి, చాలావరకు తగలకుండానే వెళ్లిపోతాయి. చిక్కే అవకాశం ఎంత అన్నదాన్ని ఒక వైశాల్యంగా రాస్తారు, అదే క్రాస్ సెక్షన్. దీని కొలమానం పేరు బార్న్. ఒక చదరపు సెంటీమీటరుని 1 పక్కన 24 సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగిస్తే వచ్చేంత.

అసలు విశేషం ఇక్కడే ఉంది. యురేనియం కేంద్రకాన్ని బంతి అనుకుంటే దాని అడ్డుకోత వైశాల్యం రెండు బార్న్‌ల లోపే వస్తుంది, కాబట్టి అన్ని కేంద్రకాల అంకెలూ ఆ చుట్టుపక్కలే ఉంటాయని ఎవరైనా అనుకుంటారు, కానీ అలా ఉండవు. సెకనుకు 2200 మీటర్ల వేగంతో వచ్చే నెమ్మది న్యూట్రాన్లకి సీసం-208 దగ్గర ఈ అంకె 0.0002 బార్న్ మాత్రమే (పేరు పక్కనున్న 208 ఆ కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం). బంగారానికి 98.7. కాడ్మియం-113కి 20 వేల పైన, గడోలినియం-157కి రెండున్నర లక్షలు, జినాన్-135కి సుమారు 26 లక్షలు! పైకి చూస్తే అన్నీ ఒకేలాంటి ముద్దలు, సైజులో పెద్ద తేడా కూడా లేదు. పైగా అదే కేంద్రకానికి న్యూట్రాన్ వేగం మారితే అంకె కూడా మారిపోతుంది.

కాబట్టి మీ అబ్బాయి చేసే పని ఏమిటంటే, ఫలానా కేంద్రకం ఫలానా వేగంతో వచ్చే న్యూట్రాన్‌ని ఎంత తేలిగ్గా పట్టుకుంటుందో కొలవడం. సంబంధాల వాళ్లడిగితే "అణు రియాక్టర్లకీ, నక్షత్రాల లెక్కలకీ కావలసిన అంకెలు కొలుస్తాడు" అని చెప్పండి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ప్రశ్న: సార్, ఇప్పుడు సూపర్ కంప్యూటర్లున్నాయి, క్వాంటం సిద్ధాంతం ఉంది. ఇంకా ఒక్కొక్క కేంద్రకాన్నీ పట్టుకుని కొలుస్తూ కూర్చోవడం ఎందుకు? లెక్క కట్టేయొచ్చు కదా? (ఇంజినీరింగ్ విద్యార్థి, తాంబరం)

జవాబు: లెక్క కడుతూనే ఉన్నారు. ఆ లెక్క ఎంత దూరం తప్పొచ్చో తెలియాలంటే జిర్కోనియం-88 కథ చాలు. ఇది 83 రోజుల అర్ధాయువు (సగం మారిపోవడానికి పట్టే కాలం) ఉన్న రేడియోధార్మిక ఐసోటోపు, అంటే న్యూట్రాన్ల సంఖ్యలో తేడా ఉన్న జిర్కోనియం రూపం. దీని క్యాప్చర్ క్రాస్ సెక్షన్ పది బార్న్‌లు ఉండొచ్చని సిద్ధాంతం అంచనా. అమెరికాలో ఒక బృందం దాన్ని రియాక్టర్లో పెట్టి, ఎంత మిగిలిందో, ఎంత జిర్కోనియం-89గా మారిందో చూసి 2019లో ఫలితం ప్రకటించింది. వచ్చిన అంకె 8 లక్షల 61 వేల బార్న్‌లు! జినాన్-135 తర్వాత తెలిసినవాటిలో ఇదే పెద్దది. పదికీ, ఎనిమిదిన్నర లక్షలకీ ఉన్న తేడాని చిన్న పొరపాటు అనలేం కదా.

ఎందుకిలా జరుగుతుందంటే, న్యూట్రాన్ లోపలికి వెళ్లాక ఏర్పడే కొత్త కేంద్రకంలో శక్తి మెట్లు ఉంటాయి. వచ్చిన న్యూట్రాన్ శక్తి సరిగ్గా ఒక మెట్టుకి సరిపోతే క్యాప్చర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, దీన్నే రెజొనెన్స్ అంటారు. యురేనియం-238నే తీసుకో. నెమ్మది న్యూట్రాన్లకి దాని క్యాప్చర్ 2.7 బార్న్‌లే, కానీ 6.67 ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి వాడే కొలమానం) దగ్గర వేల బార్న్‌లకు పోతుంది. బరువైన కేంద్రకాల్లో ఆ మెట్లు కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల దూరంలోనే ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. న్యూట్రాన్‌ని కేంద్రకం పట్టి ఉంచే శక్తి చూస్తే కొన్ని పదుల లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు. అంత పెద్ద అంకెలతో మొదలుపెట్టి, ఒక మెట్టు సరిగ్గా ఎక్కడ పడుతుందో ఒకటి రెండు ఎలక్ట్రాన్ వోల్టుల కచ్చితత్వంతో చెప్పగల సిద్ధాంతం ఇవాళ్టికి లేదు. మెట్ల సగటు లెక్క బాగానే వస్తుంది, అందుకే వేగం ఎక్కువున్న న్యూట్రాన్ల దగ్గర సిద్ధాంతం కొంత నమ్మదగ్గది. అక్కడ కూడా సరిచూసుకోవడానికి ఒక కొలత కావాల్సిందే. నా మటుకు నేను కొలిచిన అంకెనే నమ్ముతాను, లెక్కగట్టిన అంకెని అంచనా అనే అంటాను.

ప్రశ్న: టీ నగర్‌లో నగల షాపులో పనిచేస్తానండి. బంగారం నక్షత్రాల్లో పుట్టిందని మా అమ్మాయి వాళ్ల స్కూల్లో చెప్పారట. నిజమేనా? దానికీ ఈ న్యూట్రాన్లకీ ఏమైనా సంబంధం ఉందా? (ఒక పాఠకుడు)

జవాబు: నిజమేనండి, సంబంధం కూడా చాలా దగ్గరిది. ఇనుము దాకా మూలకాలు నక్షత్రాల్లో కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలవడం వల్ల వస్తాయి. ఆ పైన ఆ దారి సాగదు, ఎందుకంటే విద్యుదావేశాలు ఒకదాన్నొకటి గట్టిగా నెట్టేసుకుంటాయి, కలిసినా శక్తి మిగలదు. అక్కడినుంచి పైకి ఎక్కించేవి ఎక్కువగా న్యూట్రాన్లే. కేంద్రకం న్యూట్రాన్‌ని మింగుతుంది, బరువెక్కుతుంది, లోపల ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి పక్క మూలకం అయిపోతుంది. ఇలా ఒక్కొక్క మెట్టూ. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ కలిసి, అదే ఏడాది విడిగా అలిస్టర్ కామెరాన్, ఈ దారిని సిద్ధాంతంగా నిలబెట్టారు.

ఇందులో నెమ్మది దారి ఒకటి, వేగం దారి ఒకటి. నెమ్మది దారి ముసలివై ఉబ్బి ఎర్రబడ్డ నక్షత్రాల లోపల వేల ఏళ్లు నడుస్తుంది. ఒక న్యూట్రాన్‌ని మింగాక ఇంకోటి రావడానికి ఏళ్లు కూడా పట్టొచ్చు. వేగం దారిలో సెకను గడిచేలోపే బోలెడు న్యూట్రాన్లు వచ్చిపడతాయి. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు ఇలా జరుగుతుందని 2017 ఆగస్టు 17న చూసిన గురుత్వ తరంగాల ఘటన, దాని వెంట కనిపించిన వెలుగు గట్టి సాక్ష్యం ఇచ్చాయి. మీ కౌంటర్లో ఉన్న బంగారంలో చాలా ఎక్కువ భాగం ఈ వేగం దారిలో పుట్టిందే. బేరియం, సీసం లాంటివి ఎక్కువగా నెమ్మది దారిలో వచ్చాయి.

నెమ్మది దారి నిజంగానే నడుస్తోందని ఎలా నమ్మాలి అంటారా? 1952లో పాల్ మెరిల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కొన్ని ఎర్ర నక్షత్రాల వెలుగులో టెక్నీషియం గుర్తులు పట్టుకున్నాడు. టెక్నీషియంలో స్థిరమైన ఐసోటోపు ఒక్కటీ లేదు. ఈ దారిలో తయారయ్యే టెక్నీషియం-99 అర్ధాయువు సుమారు 2 లక్షల 10 వేల ఏళ్లు. నక్షత్రాల వయసు కోట్ల ఏళ్లలో ఉంటుంది. అంటే అది ఆ నక్షత్రంలోనే, దాని వయసుతో పోలిస్తే మొన్న మొన్ననే తయారైందన్నమాట. ఈ ఒక్క రుజువు నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది.

ఇక క్రాస్ సెక్షన్ పాత్ర. వీకెండ్‌లో ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద టోల్‌గేట్ల వరస ఊహించుకోండి, ఏ గేటు దగ్గర కార్లని మెల్లగా వదులుతారో అక్కడ పెద్ద బారు పేరుకుంటుంది. నెమ్మది దారిలో కూడా అంతే, న్యూట్రాన్‌ని త్వరగా మింగని కేంద్రకం దగ్గర సరుకు పేరుకుపోతుంది. న్యూట్రాన్ల సంఖ్య 50, 82, 126 ఉన్న కేంద్రకాలు చాలా బద్ధకంగా మింగుతాయి, అందుకే స్ట్రాన్షియం, బేరియం, సీసం పక్క మూలకాల కంటే ఎక్కువ దొరుకుతాయి. ఏది ఎంత దొరకాలో కట్టే లెక్కలో క్రాస్ సెక్షన్ తప్పితే ఆ నక్షత్రం గురించి మనం చెప్పేదంతా తప్పుతుంది. అసలే 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్క లోపల సూర్యుడి కంటే ముందు పుట్టిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. వాటిలో ఐసోటోపుల పాళ్లు ఎంత సూక్ష్మంగా కొలిచారంటే, వాటితో పోల్చాలంటే క్రాస్ సెక్షన్లు కూడా కొద్ది శాతం లోపు కచ్చితంగా తెలియాలి.

ప్రశ్న: ప్లస్ టూ చదువుతున్నాను సార్. న్యూట్రాన్ కనిపించదు, ఆవేశం లేదు కాబట్టి అయస్కాంతంతో తిప్పలేం. మరి దాని వేగం ఎలా తెలుస్తుంది? మింగిందని ఎలా తెలుస్తుంది? (వేళచ్చేరి)

జవాబు: చాలా మంచి ప్రశ్న బాబూ, ఈ పనిలో అసలు కష్టమంతా నువ్వడిగిన ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

వేగానికి జవాబు పరుగుపందెం. జెనీవా దగ్గర సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర పరిశోధనాశాలలో ఎన్‌టాఫ్ అనే ఏర్పాటు ఉంది, 2001 నుంచి కొలతలు ఇస్తోంది. ఒక్కో దెబ్బకి సుమారు 7 లక్షల కోట్ల ప్రోటాన్లని కొద్ది నానోసెకన్లలో సీసం దిమ్మ మీద గుద్దిస్తారు, ఒక్కో ప్రోటాన్‌కి 300 దాకా న్యూట్రాన్లు చిమ్ముతాయి. అన్నీ ఒకేసారి బయల్దేరి ఒక పొడవైన గొట్టంలో 185 మీటర్లు పరిగెడతాయి. నక్షత్రాల లెక్కల్లో ఎక్కువగా వాడే 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్ ఆ దూరం 77 మైక్రోసెకన్లలో చేరుతుంది, ఒక్క ఎలక్ట్రాన్ వోల్టుది చేరడానికి 13 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి గడియారం చూస్తే చాలు, ఎప్పుడు గామా మెరిసిందో దాన్ని బట్టి ఏ శక్తి న్యూట్రాన్ చిక్కిందో తెలిసిపోతుంది. నమూనాకి తగిలి చెదిరిన న్యూట్రాన్లు డిటెక్టర్లోకే దూరి అక్కడ చిక్కితే దొంగ మెరుపులు వస్తాయి, అందుకని మామూలు హైడ్రోజన్ బదులు భార హైడ్రోజన్ ఉన్న బెంజీన్ ద్రవం వాడతారు. మామూలు హైడ్రోజన్ క్యాప్చర్ 0.33 బార్న్ అయితే భార హైడ్రోజన్‌ది 0.0005. డిటెక్టర్ తయారుచేయడానికి కూడా ముందు క్రాస్ సెక్షన్లు తెలిసి ఉండాలన్నమాట!

రెండో పద్ధతి ఆక్టివేషన్, నాకు బాగా ఇష్టమైనది, ఎందుకంటే దీన్ని చిన్న ల్యాబుల్లో కూడా చేయొచ్చు. రాగి పలక మీద లిథియం పల్చగా పూసి ప్రోటాన్లతో కొడతారు. ప్రోటాన్ శక్తి 1912 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పెడితే, అంటే న్యూట్రాన్లు పుట్టడం మొదలయ్యే హద్దుకి కాస్త పైన, వచ్చే న్యూట్రాన్ల శక్తుల పంపకం 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వేడిలో ఉన్న నక్షత్రం లోపలి పంపకంలాగే ఉంటుంది. అది సుమారు 29 కోట్ల డిగ్రీల వేడి. జర్మనీలోని కార్ల్‌స్రూహేలో ఫ్రాంజ్ కెప్పెలర్ బృందం ఈ పద్ధతితో ఎన్నో ఐసోటోపుల్ని కొలిచింది.

దగ్గరినుంచి చూస్తే పని ఇలా ఉంటుంది. కొలవాల్సిన పదార్థాన్ని చిన్న బిళ్లగా చేసి, దానికి ముందొకటి వెనకొకటి అదే కొలతతో కత్తిరించిన బంగారు రేకులు పెట్టి, మూడింటినీ ఒకే పొట్లంగా లిథియానికి ఆనించి పెడతారు. రేకులు వెంట్రుక కంటే పల్చన, చేత్తో పట్టుకుంటే మడత పడిపోతాయి కాబట్టి పట్టకారుతోనే తీయాలి, ముందే మిల్లీగ్రాములో వందో వంతు తేడా కూడా పట్టే తక్కెడలో తూచి రాసుకోవాలి. గంటల తరబడి న్యూట్రాన్లు పడ్డాక రేకుని తీసి, ద్రవ నైట్రోజన్‌తో మైనస్ 196 డిగ్రీలకు చల్లార్చిన జర్మేనియం డిటెక్టర్ ముందు పెడతారు. మొదట తెర మీద గడ్డి మొలిచినట్టు చుక్కలే. కాసేపటికి 411.8 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సన్నగా ఒక గీత లేస్తుంది, నిమిషాలు గడిచేకొద్దీ కొండలా ఎత్తు పెరుగుతుంది. న్యూట్రాన్ మింగి బంగారం-198గా మారిన కేంద్రకాలు 2.7 రోజుల అర్ధాయువుతో పాదరసంగా మారుతూ ఇచ్చే గామా అది. ఎన్ని గామాలు వచ్చాయో లెక్కపెడితే ఎన్ని కేంద్రకాలు మింగాయో తేలుతుంది.

బంగారం ఎందుకు పెడతారంటే, దాని అంకె ముందే తెలుసు కాబట్టి దాంతో పోల్చి కొత్తదాన్ని చెప్పొచ్చు. అయితే ఆ తెలుసన్న అంకె మీదే తర్వాత సందేహం వచ్చింది. నక్షత్రాల వేడికి సరిపోయే బంగారం అంకెని ఏళ్ల తరబడి 0.582 బార్న్ అని వాడారు. తర్వాత సెర్న్‌లో, బెల్జియంలోని గీల్‌లో పరుగు పద్ధతితో కొలిస్తే సుమారు 5 శాతం ఎక్కువని తేలింది. దాంతో బంగారంతో పోల్చి కొలిచిన పాత అంకెలన్నీ మళ్లీ సరిదిద్దుకోవాల్సి వచ్చింది. తూకంరాయి మారితే సరుకు బరువులన్నీ మారతాయి మరి.

ప్రశ్న: కల్పాక్కం టౌన్‌షిప్‌లో ఉంటాం. నక్షత్రాల సంగతి సరే, పక్కనే ఉన్న రియాక్టర్‌కి ఈ అంకెలు దేనికి? నిజం చెప్పాలంటే కొంచెం టెన్షన్‌గానే అడుగుతున్నాను. (ఒక పాఠకురాలు)

జవాబు: టెన్షన్ పడేవాళ్లకి వివరంగానే చెప్పాలమ్మా. రియాక్టర్ అంటే న్యూట్రాన్ల జమాఖర్చు. ఒక విచ్ఛిత్తిలో, అంటే కేంద్రకం రెండుగా చీలినప్పుడు, రెండు మూడు న్యూట్రాన్లు వస్తాయి, వాటిలో సరిగ్గా ఒకటి ఇంకో విచ్ఛిత్తి చేస్తే మంట నిలకడగా ఉంటుంది. మిగతావాటిని ఎవరెవరు మింగుతారు, ఇంధనమా, శీతలీకరణ ద్రవమా, ఉక్కు గొట్టాలా, నియంత్రణ కడ్డీల్లోని బోరానా, ఇదంతా క్రాస్ సెక్షన్ లెక్కే.

తెలియని అంకె ఏం చేస్తుందో 1944 సెప్టెంబరులో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో చూశారు. ప్రపంచంలో మొదటి పెద్ద రియాక్టర్ మొదలైన కొన్ని గంటలకే తనంతట తనే చల్లబడి ఆగిపోయింది. కొన్ని గంటలాగితే మళ్లీ లేచింది, మళ్లీ పడిపోయింది. విచ్ఛిత్తిలో పుట్టే అయొడిన్-135 మారి జినాన్-135 అవుతోందనీ, అది న్యూట్రాన్లని తెగ మింగేస్తోందనీ భౌతిక శాస్త్రజ్ఞులు జాన్ వీలర్, ఫెర్మీ తదితరులు ఆ పడిలేచే గంటల లెక్కని బట్టే పట్టుకున్నారు. దాని క్రాస్ సెక్షన్ అంతకుముందు ఎవరికీ తెలియదు. ఇంజినీర్లు జాగ్రత్త కోసం 1500కు బదులు 2004 ఇంధన గొట్టాలకి చోటు పెట్టి ఉంచారు కాబట్టి అదనపు ఇంధనం వేసి నడిపించగలిగారు. ఈ రోజు ప్రతి రియాక్టర్ నడిపేవారికీ జినాన్ లెక్క ముందే చేతిలో ఉంటుంది.

మీ ఊరి సంగతికి వస్తే, అక్కడ 1985 నుంచి నడుస్తున్న ఎఫ్‌బీటీఆర్ అనే చిన్న పరీక్షా ఫాస్ట్ బ్రీడర్‌లో గానీ, 500 మెగావాట్ల పీఎఫ్‌బీఆర్ అనే పెద్ద ఫాస్ట్ బ్రీడర్‌లో గానీ వేడిని మోసేది నీళ్లు కాదు, ద్రవ సోడియం. ఎందుకంటే నీళ్లు న్యూట్రాన్లని నెమ్మది చేసేస్తాయి, ఇక్కడ వాటిని వేగంగానే ఉంచాలి. ప్లుటోనియం-239 నెమ్మది న్యూట్రాన్‌ని తీసుకుంటే నాలుగింట ఒకవంతుకి పైగా విచ్ఛిత్తి కాకుండానే ఊరికే మింగేస్తుంది. వేగం న్యూట్రాన్ల దగ్గర ఆ వృథా బాగా తగ్గి, మిగిలినవాటిని యురేనియం-238కి ఇచ్చి కొత్త ప్లుటోనియం చేసుకోవచ్చు. సోడియం కూడా కొంచెం మింగుతుంది, అలా వచ్చిన సోడియం-24 అర్ధాయువు 15 గంటలు, గట్టి గామాలు ఇస్తుంది. అందుకే ఇంధనాన్ని తాకే సోడియం వేరు, ఆవిరి చేసే చోటికి వెళ్లే సోడియం వేరు, మధ్యలో వేడి మాత్రమే చేతులు మారుతుంది.

ఇంకొకటి మీకు తప్పక తెలియాలి. ఇందాక చెప్పిన యురేనియం-238 రెజొనెన్స్‌లు ఇంధనం వేడెక్కితే వెడల్పవుతాయి, ఎక్కువ న్యూట్రాన్లని మింగుతాయి, దాంతో మంట తనంతట తానే తగ్గుతుంది. దీన్ని డాప్లర్ ప్రభావం అంటారు. మనిషి చెయ్యి పడకముందే పనిచేసే ఈ రక్షణ ఎంత బలమో లెక్కగట్టాలంటే కొలిచిన క్రాస్ సెక్షన్లే ఆధారం. కొలతల్లో ఒకటి రెండు శాతం కోసం ఏళ్లు వెచ్చించడం అందుకే.

ప్రశ్న: అలాంటి ల్యాబుల్లో పనిచేస్తే పిల్లల ఆరోగ్యానికి ప్రమాదమా? (అయనావరం)

జవాబు: కణాల పుంజం నడిచేటప్పుడు ఆ గదిలో ఎవరూ ఉండరు, మందపాటి కాంక్రీటు గోడలు, తలుపు తెరిస్తే పుంజం ఆగిపోయే తాళాలు ఉంటాయి. ఒంటి మీద రేడియేషన్ డోసు చూపే బ్యాడ్జి పెట్టుకుంటారు, దాన్ని క్రమం తప్పకుండా చూస్తారు. నియమాలు పాటించినంతకాలం భయపడాల్సింది లేదు. ఆ బ్యాడ్జి పెట్టుకోవడం మాత్రం మానొద్దని పిల్లలకి చెప్పండి.

ప్రశ్న: బీఎస్సీ చివరి ఏడాది. ఈ పని చేయాలంటే ఎక్కడికి వెళ్లాలి? విదేశాలకే పోవాలా? (అంబత్తూరు)

జవాబు: అక్కర్లేదమ్మాయ్. ముంబైలో టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) ప్రాంగణంలో పెల్లెట్రాన్ అనే, కణాలకి వేగం పెంచే త్వరణయంత్రం ఉంది, అక్కడ లిథియం మీద ప్రోటాన్లు వేసి థోరియం-232, యురేనియం-238 క్యాప్చర్ కొలిచారు. కోల్‌కతాలో సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రీనా అనే యంత్రాన్ని ఖగోళ కేంద్రక భౌతికశాస్త్రం కోసమే పెట్టారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద మొదలుపెట్టిన కేంద్రక భౌతికశాస్త్ర విభాగం ఉంది.

థోరియం మనకి మరీ ముఖ్యం. భీమిలి తీరం ఇసుకలో దొరికే మోనజైట్‌లో ఉన్నది అదే. థోరియం-232 న్యూట్రాన్ మింగి, ప్రొటాక్టినియం-233గా మారి, 27 రోజుల అర్ధాయువుతో ఇంధనమైన యురేనియం-233 అవుతుంది. కల్పాక్కంలోని కామిని రియాక్టర్ నడిచేది ఆ యురేనియం-233తోనే. మధ్యలో ఉన్న ఆ 27 రోజుల్లో ప్రొటాక్టినియం ఇంకో న్యూట్రాన్‌ని మింగేస్తే ఇంధనం కావలసింది చేజారిపోతుంది. ఎంత మింగుతుందో కొలవడం కష్టం, నమూనాయే విపరీతంగా గామాలు ఇస్తూ ఉంటుంది, చూస్తుండగానే మారిపోతూ ఉంటుంది.

ఇప్పటికిప్పుడు మొదలుపెట్టాలంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపే ఎక్స్‌ఫర్ అనే కొలతల భాండాగారం ఉంది, ఉచితం. అందులో థోరియం-232 క్యాప్చర్ అని వెతుకు. దశాబ్దాల కొలతలన్నీ ఒకే గ్రాఫు మీద వస్తాయి, ఒక్కో చుక్కకీ పైకీ కిందికీ గీత ఉంటుంది, అదే ఆ కొలతలోని అనిశ్చితి. ఎక్కడ చుక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదో, ఎక్కడ అసలు చుక్కలే లేవో చూసి రాసుకో. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి గైడ్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం పట్టుకెళ్లు.